నిప్పంటుకున్న ఓడ నీట మునగడమెందుకు?

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడి తిని, పంచాంగ శ్రవణం విన్న సభలో ఓడలు మునిగిపోయే కబుర్లేమిటని మీరు అనుకోవచ్చు. ఈ విషయం మేము ఎన్నుకున్నది కాదు. మన సంఘంలోని కొన్ని కుటుంబాలం కలిసి ఒకసారి వెల్లింగ్టన్ నుంచి పిక్టన్‌కు ఫెర్రీలో వెళ్ళాము. ఆ ప్రయాణంలో ఎనిమిదేళ్ళ పాప ఒకతె గోడకు అంటించి ఉన్న అగ్నిప్రమాద సూచనలను ఓపికగా చదివి మా దగ్గరకు వచ్చింది. "తాతగారూ, నిప్పంటుకుంటే ఓడ కాలిపోవాలి గానీ మునిగిపోవడమేమిటి? చుట్టూ ఇన్ని నీళ్ళుంటే ఆర్పెయ్యరూ?" అని అడిగింది. మేము ఏదో నవ్వులాటగా చెప్పి తప్పించుకున్నాము. ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. మేము ఓడల పని తెలిసినవాళ్ళము కాము, ఓడ ఎక్కి దిగినవాళ్ళమే. విచారణ సంఘాల నివేదికలు చదివీ, తెలిసినవాళ్ళను అడిగీ గ్రహించినది ఇవాళ మనవి చేస్తాము. ఆ పాప ప్రశ్నలోనే సగం జవాబు ఉన్నదని ముందుగా చెప్పేస్తున్నాము. చుట్టూ నీళ్ళుండడమే ఓడకు వచ్చిన చిక్కు.

మనవాళ్ళకు ఓడ ప్రయాణం కొత్తది కాదు. ఈ సభలో ఫిజీ నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలవారు ఉన్నారు. 1903 నుంచి మద్రాసు రేవులో కూలి ఒప్పందాల మీద ఓడలెక్కినవారి మనుమలు, మునిమనుమలు వారు. రంగం వెళ్ళినవారు, మలయా తోటలకు వెళ్ళినవారు, అందరూ ఓడ మీద వెళ్ళినవారే. మద్రాసుకూ సింగపూరుకూ నడుమ తిరిగిన 'రాజుల', ఆ తరువాతి 'చిదంబరం' ఓడల పేర్లు మలేషియా తెలుగువారి ఇళ్ళలో పెద్దలకు గుర్తుంటాయి. ఆ చిదంబరం ఓడకు 1985లో సముద్రం మీద నిప్పంటుకున్నది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఓడ మాత్రం మునగలేదు, కానీ దానితో ఆ ప్రయాణాలు ముగిశాయి. కాబట్టి నిప్పంటుకున్న ప్రతి ఓడా మునగదన్నది మొదటి మాట. మునిగినవి ఎందుకు మునిగాయన్నదే మన ప్రశ్న.

ముందు మన ఇంటి ముంగిట జరిగినది చెబుతాము. 2019 డిసెంబరులో పేలి 22 మందిని పొట్టన పెట్టుకున్న వకారి ద్వీపం, అదే వైట్ ఐలండ్, మీకందరికీ తెలుసును. దానికి నాలుగేళ్ళ ముందు, 2016 జనవరి 18న, ఆ ద్వీపం చూసి తిరిగి వస్తున్న 'పీజే ఫైవ్' అనే పర్యాటకుల పడవ ఇంజను గదిలో నిప్పు పుట్టింది. పడవలో ప్రయాణికులు 53 మంది, సిబ్బంది ఏడుగురు. వకటానె రేవు కనిపిస్తూనే ఉన్నది, కానీ చేరుకోలేకపోయారు. లైఫ్ జాకెట్లు తొడుక్కుని నీళ్ళలోకి దూకారు. దగ్గరలో ఉన్న పడవలవాళ్ళు వచ్చి ఎక్కించుకున్నారు. మొత్తం 60 మందీ బతికారు. పడవ మాత్రం నీటిమట్టం దాకా కాలి, మునిగిపోయింది.

ఇది చిన్న పడవల సంగతి. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. పడవ గోడ కాలుతూ కాలుతూ నీటి అంచు దాకా వచ్చిందంటే సముద్రం లోపలికి వస్తుంది. అందుకే చిన్న పడవకు నిప్పంటుకుంటే దగ్గరి ఒడ్డే రక్ష. 2018 మే నెలలో పాపికొండలు చూడడానికి బయలుదేరిన పర్యాటకుల పడవ ఒకటి దేవీపట్నం ప్రాంతంలో గోదావరి మీద నిప్పంటుకుంటే, నడిపేవాళ్ళు దానిని ఒడ్డుకు తెచ్చారు. ప్రయాణికులు దిగి బతికారు. నదిలో ఒడ్డు దగ్గర. సముద్రంలో ఆ అదృష్టం అందరికీ ఉండదు.

కానీ పెద్ద ఓడ గోడ ఉక్కు. ఉక్కు గోడ కాలి బూడిద కాదు. నీటిలో ఉన్న భాగాన్ని సముద్రమే చల్లబరుస్తూ ఉంటుంది. అటువంటి ఓడ నిప్పంటుకుని మునగడమేమిటి? దీనికి జవాబు న్యూయార్కు రేవులో 1942లో దొరికింది.

'నార్మండీ' అని ఫ్రెంచివారి ఓడ. పొడవు వెయ్యి అడుగులకు పైన. ఆ రోజుల్లో అంతటి అందమైన ఓడ లేదనేవారు. యుద్ధం రాగానే అమెరికా ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకుని, 'లాఫయెట్' అని పేరు మార్చి, సైనికులను మోసే ఓడగా మలుస్తున్నది. 1942 ఫిబ్రవరి 9 మధ్యాహ్నం పనివాళ్ళు ఒక ఇనుప స్తంభాన్ని గ్యాసు మంటతో కోస్తుండగా నిప్పురవ్వలు లేచి పక్కనే గుట్టగా పడి ఉన్న లైఫ్ జాకెట్ల మీద పడ్డాయి. ఆ జాకెట్లలో కూరినది ఏమిటనుకున్నారు? బూరుగు దూది! మన అమ్మమ్మలు దిండ్లలో కూరే దూదే. నీటిలో తేలడానికి అంత మంచిదీ లేదు, నిప్పుకు అంత తొందరగా అంటుకునేదీ లేదు. ప్రాణం కాపాడవలసిన జాకెట్లే నిప్పుకు పుట్టినిల్లయినాయి.

ఊళ్ళోని అగ్నిమాపక దళం పరుగెత్తుకు వచ్చింది. ఒడ్డు మీది బండ్ల నుంచీ, నీటి మీది పడవల నుంచీ పై అంతస్తుల మీదికి గంటల తరబడి నీళ్ళు కొట్టారు. సాయంత్రానికి నిప్పు అదుపులోకి వచ్చింది. కానీ ఓడ మెల్లగా ఒక పక్కకు ఒరగసాగింది. దానిని నిర్మించడంలో ముఖ్యుడైన యుర్కెవిచ్ అనే ఇంజనీరు అప్పుడు న్యూయార్కులోనే ఉన్నాడు. ఆయన రేవుకు వచ్చి, అడుగున ఉన్న కవాటాలు తెరిచి ఓడలోకి సముద్రపు నీరు వదలండి, అది నిలువుగా నేలమీద కూర్చుంటుంది అని సలహా చెప్పాడు. ఎవరూ వినిపించుకోలేదు. తెల్లవారుజామున మూడు గంటలకు ముందే ఆ మహానౌక రేవులోనే పక్కకు పడిపోయింది. ముంచినది నిప్పు కాదు, నిప్పునార్పిన నీళ్ళు.

ఆ ఇంజనీరు సలహా వినడానికి పిచ్చిగా ఉన్నది గదా! మునగబోతున్న ఓడలోకి ఇంకా నీళ్ళు వదలమంటాడేమిటి? ఆయన చెప్పినది మన తెలుగు పల్లెలో ప్రతి ఆడపడుచుకూ తెలిసినదే. నిండుకుండ తొణకదు. నిండు బిందె నెత్తిన పెట్టుకుని ఆమె చేతులు వదిలి నడుస్తుంది. అదే సగం బిందె అయితే అడుగడుక్కీ నీరు అటూ ఇటూ కొట్టుకుని బిందెను లాగుతుంది. బరువు సగమే, బాధ రెట్టింపు. అడుగు గదులు నిండుగా నింపితే ఆ నీరు కదలదు, పైగా కిందనే ఉండి ఓడను నిలబెడుతుంది. పై అంతస్తులో పలచగా పరుచుకున్న నీరు తొణుకుతుంది.

ఇంకొక విధంగా చెబుతాము. ఇవాళ మధ్యాహ్నం భోజనాల దగ్గర కాగితం పళ్ళెంలో చారు పోసుకుని కుర్చీ వెతుక్కుంటూ నడిచినవాళ్ళకు ఈ శాస్త్రం అనుభవమయ్యే ఉంటుంది. గ్లాసులో చారు ఎంత పోసుకున్నా ఫరవాలేదు. వెడల్పయిన పళ్ళెంలో రెండు గరిటెలు పోసుకుంటే చాలు, చెయ్యి కాస్త వంగగానే చారంతా ఆ పక్కకు పరుగెడుతుంది. అది వెళ్ళగానే పళ్ళెం మరింత వంగుతుంది. వంగితే ఇంకా పరుగెడుతుంది. చివరకు ఎవరో ఒకరి పట్టుచీర మీద పడుతుంది. ఓడలో జరిగేది ఇదే. కెరటానికి ఓడ రవంత ఒరిగితే మామూలుగా తనంతట తాను లేచి నిలబడుతుంది. డెక్కు మీద నీళ్ళుంటే, ఒరిగిన పక్కకే ఆ నీళ్ళన్నీ చేరి లేవనివ్వవు. గాలి పక్కనుంచి తోస్తుంటే ఇక చెప్పేదేమున్నది?

లెక్క కొంచెం చూడండి. ఒక గొట్టం నిమిషానికి 450 లీటర్లు చిమ్ముతుందనుకుందాము. గంటకు 27 టన్నులు. పది గొట్టాలు పెడితే గంటకు 270 టన్నులు. నూరు మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు ఉన్న డెక్కు మీద జానెడు కూడా కాదు, పది సెంటీమీటర్ల లోతు నీరు నిలిస్తే 200 టన్నులు. పెద్ద ఓడకు ఆ బరువు ఒక లెక్కలోది కాదు. సరకుగా అడుగున పెడితే సుఖంగా మోస్తుంది. అదే బరువు పైన, కదిలే రూపంలో ఉన్నప్పుడే ప్రమాదం.

దీనికి విరుగుడు కూడా మన పళ్ళాల్లోనే ఉన్నది. పప్పుకొక గది, కూరకొక గది ఉన్న గళ్ళ పళ్ళెంలో చారు పక్క గదిలోకి పోదు. ఓడలోనూ అంతే. వెడల్పును మధ్యకు చీలుస్తూ నిలువునా ఒక గోడ కడితే, నీరు తొణకడం వల్ల వచ్చే చేటు సగానికి కాదు, నాలుగో వంతుకు తగ్గుతుంది. పూర్వపు ఓడలలో ఇటువంటి అడ్డగోడలు చాలా ఉండేవి. కార్లూ లారీలూ ఎక్కించే ఫెర్రీలు వచ్చాక చిక్కు వచ్చింది. బళ్ళు ఒక చివర ఎక్కి ఇంకొక చివర దిగాలంటే డెక్కు ఈ కొస నుంచి ఆ కొస దాకా మైదానంలా ఉండాలి. ఆ మైదానమే పళ్ళెం.

ఆ పళ్ళెం ఎంత పని చేయగలదో న్యూజిలాండు వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 1968 ఏప్రిల్ 10న, ఘోరమైన తుఫానులో, లిటిల్టన్ నుంచి వచ్చిన 'వహీనే' వెల్లింగ్టన్ రేవు ముఖద్వారంలో బారెట్ రాళ్ళకు కొట్టుకున్నది. అందులో నిప్పు లేదు. అయినా ఈ కథలో దానికి చోటున్నది. ఓడ అడుగు చిల్లులు పడినా గంటల తరబడి తేలుతూనే ఉన్నది. కానీ నీరు వాహనాల డెక్కు మీదికి చేరింది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఓడ ఒక్కసారిగా కుడిపక్కకు ఒరిగింది, అందరూ దిగండన్నారు, రెండున్నర ప్రాంతంలో బోల్తాపడింది. ఓడలో 734 మంది. ఆనాడు చనిపోయినవారు 51 మంది. ఆ గాయాలతో తరువాత పోయినవారిని కలిపి 53 అంటారు. ఊరు కనిపిస్తుండగా, ఒడ్డున జనం చూస్తుండగా జరిగింది. విచారణలో తేలినది, వాహనాల డెక్కు మీది నీరే ఓడను బోల్తాకొట్టించినదని. సీటూన్‌లో ఆ ఓడ పేర ఒక స్మారక వనమున్నది. వెల్లింగ్టన్ వెళ్ళినప్పుడు పిల్లలకు చూపించండి.

ఇప్పుడు వహీనేనూ నార్మండీనీ ఒకచోట కలపండి. వాహనాల డెక్కు మీద నిప్పు పుట్టింది, దాని మీద నీళ్ళు కొట్టారు. అదే 2006 ఫిబ్రవరిలో ఎర్రసముద్రంలో జరిగింది. 'అల్ సలాం బొకాచియో 98' అనే ఫెర్రీ సౌదీ అరేబియాలోని దుబా రేవు నుంచి ఈజిప్టులోని సఫాగాకు సుమారు 1,400 మందితో బయలుదేరింది. ఎక్కువమంది గల్ఫులో కూలినాలి చేసుకుని ఇళ్ళకు పోతున్న ఈజిప్టువారు. మన కరీంనగర్ నుంచీ, కడప నుంచీ గల్ఫుకు పోయినవాళ్ళవంటి వాళ్ళే. బయలుదేరిన కొంతసేపటికే వాహనాల డెక్కు మీద నిప్పు. వెనక్కు తిప్పండని ప్రయాణికులు మొత్తుకున్నా కెప్టెను ముందుకే నడిపించాడు. సిబ్బంది గంటల తరబడి నీళ్ళు కొట్టారు. డెక్కు మీది నీరు బయటకు పోవడానికి అంచుల్లో తూములుంటాయి. ఆ తూములు చెత్తతో పూడుకుపోయాయి. నీరు నిలిచింది, ఓడ ఒరిగింది, గాలి తోసింది, బోల్తాపడింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. తుఫాను కాలువల పూడిక తీయని ఊరు మునిగినట్టే, తూములు పూడిన ఓడ మునిగింది. ఇంతమంది ప్రాణాలు ఒక తూములో చిక్కుకున్నాయంటే నమ్మబుద్ధి కాదు.

రేవులో కట్టి ఉన్న ఓడలకు కూడా ఇది తప్పలేదు. 1953 జనవరిలో లివర్‌పూల్ రేవులో 'ఎంప్రెస్ ఆఫ్ కెనడా' ఇలాగే నిప్పంటుకుని, నీళ్ళు కొట్టించుకుని, పక్కకు పడిపోయింది. 1972 జనవరి 9న హాంకాంగ్‌లో ప్రఖ్యాత 'క్వీన్ ఎలిజబెత్' వంతు. యుద్ధకాలంలో ఆస్ట్రేలియా సైనికులను మోసిన ఓడ అది. దానిని కొన్న హాంకాంగ్ ఓడల యజమాని సముద్రం మీద తిరిగే విశ్వవిద్యాలయంగా మారుస్తుండగా, ఒకేసారి పలుచోట్ల నిప్పు లేచింది. పడవల నుంచి నీళ్ళు కుమ్మరించారు. అదీ పక్కకు పడింది. నార్మండీ పడిన 30 ఏళ్ళకు అదే పాఠం మళ్ళీ!

నీళ్ళు కొట్టడమొక్కటే కారణమని మేము అనడం లేదు. సముద్రం లోపలికి రావడానికి నిప్పు ఇంకా కొన్ని దారులు తెరుస్తుంది. ఇంజన్లను చల్లబరచడానికి ఓడ సముద్రపు నీటిని గొట్టాల ద్వారా లోపలికి తెచ్చుకుని మళ్ళీ బయటకు వదులుతుంది. ఆ గొట్టాలు ఉక్కువైనా వాటి నడుమ కీళ్ళు రబ్బరువి. నిప్పుకు ఉక్కు కన్నా ముందు ఓడిపోయేది రబ్బరు. ఆ కీలు తెగితే సముద్రం తిన్నగా ఇంజను గదిలోకే వస్తుంది. 2023 జనవరి 28న 864 మందితో వస్తున్న 'కైటకి' ఫెర్రీ కుక్ జలసంధిలో ఇంజన్లు ఆగి ఒడ్డు రాళ్ళ వైపు కొట్టుకుపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అందులో నిప్పు లేదు. ఇంజన్లను చల్లబరిచే గొట్టాల వరసలో ఒక పాత రబ్బరు కీలు పగిలి నీళ్ళు పోయాయి, ఇంజన్లు నిలిచిపోయాయి. లంగరు వేసి, మళ్ళీ ఇంజన్లు నడిపించి రేవు చేరారు గనుక బతికిపోయాము. నిప్పు లేకుండానే అంత పనిచేసిన కీలు నిప్పులో ఉంటే ఏమవుతుందో ఊహించండి.

ఇంజను గదిలో నిప్పు అంటే ఇంకొక అర్థం కూడా ఉన్నది. కరెంటు పోతుంది. కరెంటు పోతే లోపలి నీటిని తోడే పంపులు ఆగుతాయి, చుక్కాని తిరగదు, ఓడ అడ్డంగా కెరటాలకు దొరుకుతుంది. ఇందుకే అత్యవసర జనరేటరును ఇంజను గదికి దూరంగా పైన పెట్టాలని నియమం. ఇక వేడి. 600 డిగ్రీల దగ్గర ఉక్కు తన బలంలో సగానికి పైగా పోగొట్టుకుంటుంది. అల్యూమినియం అయితే 660 డిగ్రీలకు కరిగే పోతుంది. కిటికీల అద్దాలు పగులుతాయి. ఓడ ఒరిగినప్పుడు ఆ కిటికీలు నీటిమట్టానికి దిగుతాయి. మామూలు రోజుల్లో వెలుతురు వచ్చిన దారినే అప్పుడు సముద్రం వస్తుంది. నిప్పార్పడానికి గొట్టాలు లాగిన చోట తలుపులు మూయడానికి వీలుండదు. ఒక గది నీరు ఇంకొక గదికి, ఒక గది పొగ ఇంకొక గదికి ఆ సందులోంచే పోతాయి.

ఆఖరిది, మనుషులు వదిలేసిన ఓడ. ప్రాణాలు దక్కించుకోవడం ముందు గనుక అందరూ దిగిపోవలసిందే. కానీ ఆ తరువాత తలుపు మూసేవాడు లేడు, పంపు తిప్పేవాడు లేడు. 1961 ఏప్రిల్ 8న గల్ఫులో 'దారా' అనే ఓడలో పేలుడు జరిగి నిప్పంటుకున్నది. బొంబాయికీ గల్ఫు రేవులకూ నడుమ తిరిగే ఓడ అది. 238 మంది చనిపోయారు. రెండు రోజుల తరువాత దానిని లాక్కుపోతుండగా మునిగింది. 1963 డిసెంబరులో మదీరా దగ్గర 'లకోనియా' తగులబడి 128 మంది పోయారు. వారం రోజులకు, అదీ లాక్కుపోతుండగానే మునిగింది. 1994 నవంబరు 30న సోమాలియా తీరాన 'అకిల్లె లౌరో' ఇంజను గదిలో నిప్పు. వెయ్యిమంది దాకా దిగిపోయారు, డిసెంబరు 2న ఓడ మునిగింది. ఈ చివరి రెండు ఓడల పూర్వకథ వింటే న్యూజిలాండు వారికి ఆప్యాయత కలుగుతుంది. రెండూ హాలండులో పుట్టినవే. మొదట 'యోహాన్ వాన్ ఓల్డెన్‌బార్నెవెల్ట్', 'విల్లెం రేస్' అన్న పేర్లతో ఈ దేశపు రేవులకు వచ్చినవే. ఇక్కడ స్థిరపడిన ఎందరో డచ్చివారి తాతలు అటువంటి ఓడలు దిగి వచ్చినవారే.

ఒక హెచ్చరిక. నిప్పు కనబడగానే నిప్పే ముంచిందనుకోవడం కూడా పొరపాటు. 2024 అక్టోబరులో సమోవా దగ్గర మన నౌకాదళపు 'మనవనుయి' రాళ్ళ మీదికెక్కి, నిప్పంటుకుని, మునిగింది. అందులోని 75 మందీ బతికారు. అక్కడ వరస వేరు. రాళ్ళు ముందు, నిప్పు తరువాత. ఆటోపైలట్ తీయకుండానే ఓడను మళ్ళించబోయారని విచారణలో తేలింది.

అలాగే ఓడ మునగలేదంటే ప్రమాదం చిన్నదని కూడా కాదు. 1990 ఏప్రిల్‌లో నార్వే డెన్మార్కుల నడుమ తిరిగే 'స్కాండినేవియన్ స్టార్' తగులబడి 159 మంది చనిపోయారు. ఓడ మునగలేదు. మనుషులను చంపినది పొగ, విషవాయువు. నిద్రలో ఉన్నవాళ్ళు, నడవాలో దారి కనపడనివాళ్ళు. మనుషులకు పొగ భయం, ఓడకు నీటి భయం. కెప్టెను ఈ రెండింటి నడుమ నిలబడి నిర్ణయించవలసి ఉంటుంది. నీళ్ళు కొట్టకపోతే మనుషులు పోతారు. ఎక్కువ కొడితే ఓడ పోతుంది, దానితో మనుషులూ పోతారు.

మరి ఏమిటి దారి? నిప్పుకు ఊపిరి ఆపడం మొదటి దారి. ఇంజను గది తలుపులూ గాలి మార్గాలూ అన్నీ బిగించి, లోపలికి బొగ్గుపులుసు వాయువు వదులుతారు. నీటిచుక్క అక్కరలేదు. కానీ ఆ వాయువు నిప్పునే కాదు, మనిషినీ చంపుతుంది. అందుకని మీట లాగే ముందు ఇంజను గదివాళ్ళందరూ బయటకు వచ్చారా లేదా అని తలలు లెక్కపెట్టాలి. ఒక తల తక్కువైతే? ప్రతి నిమిషానికీ నిప్పు పెరుగుతుంది. లోపల ఉన్నది మన పక్క మంచం మీద పడుకునే మనిషి. ఇటువంటి నిర్ణయం ఎవరికీ రాకూడదని మేము దేవుణ్ణి వేడుకుంటాము. రెండవది మంచులాంటి సన్నని నీటిపొగ చిమ్మే ఏర్పాటు. కొద్దిపాటి నీటితోనే వేడిని లాగేస్తుంది. మూడవది తూములు. ఎన్ని నీళ్ళు లోపలికి కొడుతున్నామో అన్ని బయటకు పోతున్నాయా అని చూసే మనిషి ఒకడు గొట్టం పట్టిన మనిషితో సమానంగా ఉండాలి. నాలుగవది, రేవులో ఒడ్డు మీది అగ్నిమాపక దళం వచ్చినప్పుడు ఓడ సంగతి తెలిసినవాళ్ళ మాట వినడం. నార్మండీ దగ్గర లోపించినది ఇదే.

నియమాలు కూడా మారాయి. టైటానిక్ మునిగాక 1914లో మొదలైన అంతర్జాతీయ ఒప్పందాన్ని ప్రతి పెద్ద ప్రమాదం తరువాత సవరిస్తూ వచ్చారు. 2010 జూలై నుంచి కట్టే పెద్ద ప్రయాణికుల ఓడలు, ఒక మేరకు నిప్పు అంటుకున్నా తమ ఇంజను మీద తామే రేవుకు తిరిగి రాగలిగేటట్టు ఉండాలని నియమమున్నది. ఓడే అన్నిటికన్నా మంచి లైఫ్ బోటు అన్నది దాని అంతరార్థం. నియమాలు కాగితం మీదివి, తూములో చెత్త తీసేది మాత్రం మనిషి చెయ్యి.

ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకుని ముగిస్తాము. మొదట చెప్పిన ఆ పిక్టన్ ప్రయాణంలోనే, నడవాలో ఒక బరువైన తలుపు మాటిమాటికీ దానంతట అది మూసుకుంటుంటే, పులిహోర డబ్బాలు అటూ ఇటూ చేరవేయడానికి ఇబ్బందిగా ఉన్నదని, మా సంచి ఒకటి అడ్డం పెట్టి దానిని తెరిచి ఉంచాము. అది మా తెలివి అనుకున్నాము. కాసేపటికి సిబ్బందిలో ఒక కుర్రవాడు వచ్చి, ఏమీ అనకుండా సంచి తీసి మా చేతికిచ్చి, తలుపు మూసి వెళ్ళిపోయాడు. మాకు కొంచెం కోపం కూడా వచ్చింది. ఇవన్నీ చదివిన తరువాత గానీ ఆ తలుపు ఎందుకు దానంతట అది మూసుకుంటుందో, ఆ కుర్రవాడు మాకు చేసిన ఉపకారమేమిటో తెలియలేదు. ఆ తలుపుకు ఇవతల పులిహోర తింటూ కూర్చున్నది మా మనుమలే.

అందుచేత మా మనవి. ఫెర్రీ ఎక్కగానే కాఫీ వరుసలో నిలబడే ముందు, మైకులో చెప్పే భద్రతా సూచనలు వినండి. లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో, గుమికూడవలసిన చోటు ఎక్కడో పిల్లలకు చూపించండి. మూసి ఉండవలసిన తలుపును మూసి ఉంచండి. ప్రయాణంలో వాహనాల డెక్కు మీదికి వెళ్ళకండి. కారులో గ్యాసు బుడ్డి ఉంటే దాచకుండా చెప్పండి. పొగ వాసన వస్తే, మనకెందుకులే అనుకోకుండా ఎవరికైనా చెప్పండి.

ఆ పాప ఇవాళ ఈ సభలోనే ఉన్నది. అమ్మాయీ, నీకు ఆనాడు ఇవ్వవలసిన జవాబు ఇది. ఓడను నిప్పు ముంచదు తల్లీ, నిప్పు తెరిచిన దారిన వచ్చిన నీళ్ళు ముంచుతాయి. చాలాసార్లు ఆ నీళ్ళు మనమే, ఆర్పాలన్న మంచి ఉద్దేశంతోనే పోస్తాము. మంచి ఉద్దేశానికి తోడు, పోసిన నీళ్ళు ఎటు పోతున్నాయో చూసుకునే జాగ్రత్త కూడా ఉండాలి.